వీరాంపట్టినం ఉప్పుగాలి, చెన్నపట్నం రసాయనశాల

పుదుచ్చేరి పట్టణానికి దక్షిణంగా ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలో సముద్రతీరాన వీరాంపట్టినం అనే మత్స్యకారుల గ్రామం ఉన్నది. ఆడిమాసంలో జరిగే సెంగళునీర్ అమ్మన్ రథోత్సవం మూలాన ఈ ఊరి పేరు ఆ ప్రాంతమంతటా సుపరిచితము. ఫ్రెంచివారి ఏలుబడిలో గవర్నరు స్వయంగా వచ్చి రథపు తాడు పట్టేవారు. ఆ ఆచారం ప్రకారం నేడు లెఫ్టినెంటు గవర్నరు రథం లాగుతున్నారు. మేము వెళ్ళినది ఉత్సవ సమయంలో కాదు. పరికరాల తనిఖీ నిమిత్తం ఆ ప్రాంతానికి వెళ్ళిన మాకు ఒక ఆదివారం తీరిక దొరికినది. యానాంలో పుట్టి, పుదుచ్చేరిలో ఉద్యోగం చేసి, అక్కడే విశ్రాంత జీవితం గడుపుతున్న ఒక తెలుగు పెద్దమనిషి మాకు తోడు వచ్చారు.

ఊరిలో అడుగు పెట్టగానే మా దృష్టి గుడి మీద గాని, సముద్రం మీద గాని పడలేదు. వృత్తి ప్రభావం కాబోలు, ఇళ్ళ ముందరి ఇనుప గేట్ల మీద పడినది. ప్రతి గేటు అడుగుభాగమూ పొరలు పొరలుగా లేచి ఉన్నది. గోడకు ఆనించిన సైకిలు చక్రపు పుల్లలు తుప్పుతో ఎర్రబారి ఉన్నవి.

"ఇక్కడ గేటుకి రంగెయ్యడం అంటే ఏటేటా సంక్రాంతి చేసినట్టేనండి ఇంజనీరుగారూ, ఒక్క ఏడు మానేశామా, ఇంక గేటే ఉండదు" అన్నారు ఆ పెద్దమనిషి, యానాం యాస ఏమాత్రం తగ్గకుండా.

ఉప్పుగాలి పని అది. ఆ ఉప్పును గురించి, దానిని ఒక చుక్క ద్రవంతో పట్టుకునే మనుషులను గురించి ఈ వ్యాసంలో ముచ్చటించదలచినాము. దీనికి వీరాంపట్టినం నుండి మొదలుపెట్టడానికి కారణం, ఈ ఊరి ప్రక్కనే ఉన్న ఒక మట్టిదిబ్బ.

అరికమేడు దిబ్బ

వీరాంపట్టినానికి సమీపంలో, అరియాంకుప్పం నది గట్టున, కాక్కాయంతోపు అనేచోట అరికమేడు ఉన్నది. కొబ్బరి, మామిడి చెట్ల నడుమ ఇప్పుడు కంటికి కనిపించేది పాడుబడిన ఒక ఇటుక కట్టడం మాత్రమే. అది ఫ్రెంచి మిషనరీల కాలం నాటిది. 1770 ప్రాంతంలో ఆగ్నేయాసియా నుండి తరలివచ్చిన వారి విద్యాలయం కొంతకాలం ఇక్కడ నడిచినది. అసలు సంగతి దాని క్రింద, భూమిలో ఉన్నది.

ఇక్కడి పాత ఇటుకలను గురించి 18వ శతాబ్దంలోనే ఫ్రెంచివారు వ్రాశారు. వారిలో ఖగోళ శాస్త్రవేత్త లె జాంటీల్ ఒకరు. సూర్యబింబం మీదుగా శుక్రగ్రహం దాటిపోయే దృశ్యాన్ని చూడడానికి ఆయన ఇంత దూరం వచ్చి, సంవత్సరాల తరబడి కాచుకొని, తీరా 1769లో ఆ ఘడియ వచ్చేసరికి పాండిచేరి ఆకాశం మబ్బు పట్టగా ఏమీ చూడలేకపోయారు. తర్వాత చాలా కాలానికి, 1937లో, పాండిచేరిలో అధ్యాపకుడిగా ఉన్న జూవో దుబ్రయ్ ఇక్కడి పిల్లల దగ్గర పూసలు, చెక్కిన రాళ్ళు కొన్నారు. వాటిలో ఒక రాతి మీది ముఖం రోము చక్రవర్తి అగస్టసుదని ఆయన భావించారు. గుంటూరు మండలంలోని గోలి స్తూపాన్ని 1926లో వెలుగులోకి తెచ్చినది కూడా ఈ దుబ్రయ్ గారే కనుక తెలుగువారికి ఆయన బొత్తిగా పరాయివాడు కాదు.

1940ల ఆరంభంలో ఫ్రెంచివారు జరిపిన తవ్వకాలలో దొరికిన వస్తువులు కొన్ని మద్రాసు ప్రభుత్వ మ్యూజియంకు చేరినవి. 1944లో భారత పురావస్తు శాఖకు డైరెక్టర్ జనరల్‌గా వచ్చిన మార్టిమర్ వీలర్ ఆ మ్యూజియంలో పొడవాటి పిడి గల ఒక కూజా మెడను చూసి, అది మధ్యధరా ప్రాంతపు ఆంఫోరా అని గుర్తించారు. వెంటనే పాండిచేరి వెళ్ళి అక్కడి గ్రంథాలయంలోని వస్తువులు చూశారు. 1945లో ఫ్రెంచి భూభాగంలో, వారి అనుమతితో, బ్రిటిషు ఇండియా పురావస్తు శాఖ తవ్వకం జరిపినది. ఇటలీలోని అరెజ్జోలో తయారైన ఎర్రని మెరుగు పాత్రల పెంకులు, 150 అడుగుల పొడవున్న గిడ్డంగి వంటి కట్టడం, ఇటుకతో కట్టిన తొట్లు, కాలువలు బయటపడినవి. ఆ తర్వాత 1947 నుండి కసాల్ అనే ఫ్రెంచి పండితుడు తవ్వి, వీరాంపట్టినం పేరును తన పుస్తకం శీర్షికలోనే చేర్చారు. 1989 నుండి 1992 వరకు విమలా బెగ్లీ నాయకత్వాన మరల తవ్వకాలు జరిగినవి.

ఈ చరిత్ర పాఠకులలో చాలామందికి పాఠ్యపుస్తకాల ద్వారా తెలిసినదే. మమ్మల్ని ఆకర్షించినది అంతకంటె చిన్న విషయం. వీలర్ నివేదికలో ఒక మాట ఉన్నది. రెండు ఆంఫోరా పెంకుల లోపలివైపు పసుపుపచ్చని పట్టు కనిపించగా దానిని పరీక్ష చేయించారు. అందులో రాళ, అనగా చెట్టుబంక జాతికి చెందిన పదార్థం, ఉన్నట్లు తేలినది.

ఇంజనీర్లకు ఇందులో వింత లేదు. కాల్చిన మట్టికి సూక్ష్మరంధ్రాలు ఉంటాయి. ద్రవం ఊరిపోకుండా లోపల రాళ పూసేవారు. మన డి.ఎమ్. ప్లాంటులో ఆమ్లం నిలువచేసే ఇనుప ట్యాంకులకు లోపల రబ్బరు పూత వేసినట్లే. మధ్యధరా దేశాలలో ద్రాక్షసారా కూజాలకు ఈ పూత మామూలు కనుక, వీరాంపట్టినం తీరాన రోముదేశపు సారా దిగినదని పండితులు నిర్ణయించారు. మంచి నిర్ణయమే. కాని గమనించవలసినది ఏమంటే, పరీక్షలో దొరికినది రాళ. ద్రాక్షసారా అన్నది కూజా ఆకారాన్ని, ఆనాటి అలవాట్లను కలిపి మనిషి చేసిన ఊహ. ఇటుక తొట్ల విషయంలో ఈ తేడా మరింత స్పష్టం. అవి సన్నని బట్టలకు రంగులద్దే తొట్లని వీలర్ సూచించారు. అది ప్రధానంగా కట్టడపు తీరు చూసి చెప్పిన మాట. పిల్లల పుస్తకాలలోకి వచ్చేసరికి "రంగుల తొట్లు" అని ఖాయమైపోయినది.

రసాయనశాల చెప్పే మాటకు, దానిపై మనం కట్టే మాటకు మధ్య ఉన్న ఈ సన్నని గీత, పరాయి ప్రభుత్వపు కాలంలోనే ఈ దేశంలో కొందరు ఉద్యోగులకు బాగా తెలుసు. వారి పని అటువంటిది.

సీలు వేసిన సీసాలు

మద్రాసు ప్రభుత్వం 1849లో వైద్యశాఖ క్రింద కెమికల్ ఎగ్జామినరు ప్రయోగశాలను నెలకొల్పినది. దేశంలో ఇటువంటి వాటిలో ఇదే మొదటిదని చెబుతారు. కలకత్తాలో 1853లో, ఆగ్రాలో 1864లో, బొంబాయిలో 1870లో తక్కినవి వచ్చినవి. మన సర్కారు జిల్లాలు, దత్తమండలాలు ఆనాడు మద్రాసు రాజధానిలోనివే. అక్కడ అనుమానాస్పదంగా ఎవరైనా మరణిస్తే, శవపరీక్ష చేసిన వైద్యుడు సీలు వేసి పంపే సీసాకు గమ్యస్థానం చెన్నపట్నమే.

ఆ సీసాలలో వెదకవలసిన విషాలు మన పెరళ్ళలోనివే: పాషాణం, ఉమ్మెత్త, గన్నేరు, నల్లమందు. గురివింద గింజలను నూరి, సూదిలా చేసి ఎండబెట్టి, పశువు చర్మంలో గుచ్చి చంపే పద్ధతి ఒకటి ఆనాటి వైద్యన్యాయ గ్రంథాలలో కనిపిస్తుంది. తోలు కోసం చేసే పని అది. అప్పటికి ఐరోపా పుస్తకాలలో ఇవన్నీ ఉండవు కనుక ఈ దేశపు విషాలకు ఈ దేశంలోనే పరీక్షలు కుదుర్చుకోవలసి వచ్చినది.

పాషాణానికి మాత్రం మార్ష్ పరీక్ష ఉండేది. వూలిచ్ ఆయుధశాలలో పనిచేసిన జేమ్స్ మార్ష్ 1836లో దీనిని ప్రకటించారు. పదార్థాన్ని యశదము, ఆమ్లము ఉన్న సీసాలో వేస్తే హైడ్రోజన్‌తో పాటు ఆర్సెనిక్ వాయురూపంలో వెలువడుతుంది. ఆ వాయువును సన్నని గాజుగొట్టం గుండా పంపి గొట్టాన్ని వేడి చేస్తే, చల్లని చోట అద్దంలా మెరిసే నల్లని మచ్చ ఏర్పడుతుంది. ఆ మచ్చ ఒక మనిషిని ఉరికంబం దాకా తీసుకుపోగలదు.

ఇక్కడే చిక్కు ఉన్నది. యశదంలోనూ, ఆమ్లంలోనూ కూడ ఆర్సెనిక్ కలిసి ఉండవచ్చును. గనిలో నుండి వచ్చిన లోహం పూర్తి శుద్ధంగా ఉండదు. అందువలన అసలు నమూనా వేయక ముందు, ఏమీ వేయకుండా ఒకసారి పరీక్ష నడపాలి. గొట్టం నిర్మలంగా ఉంటేనే తర్వాతి మచ్చకు అర్థం ఉన్నది. ఎదుటి సీసాను శంకించే ముందు తన సీసాను శంకించడం అన్నమాట. మన ప్రయోగశాలలలో నేడు "బ్లాంక్" అని రోజూ వ్రాసే గడి ఇదే. హడావిడిలో ముందుగా వదిలేసే గడి కూడ ఇదే.

1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 510వ సెక్షను ప్రకారం కెమికల్ ఎగ్జామినరు సంతకం చేసిన నివేదికను, ఆయన స్వయంగా బోనెక్కకపోయినా, సాక్ష్యంగా స్వీకరించవచ్చును. 1973 కోడ్‌లో అది 293వ సెక్షను అయినది. 2024 జూలై నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 329వ సెక్షను. ముద్దాయి ఎదుట నిలబడని మనిషి వ్రాసిన కాగితానికి అంత బలం ఇచ్చినందువలన, ఆ కాగితంలో ఒక మాట ఎక్కువ పడినా, ఒక మాట తక్కువ పడినా దానిని మోసేవాడు మరొకడు. "ఈ సీసాలో ఆర్సెనిక్ ఉన్నది" అని వ్రాయవచ్చును. "ఇతడు పెట్టినాడు" అని వ్రాయరాదు.

ఈ ప్రయోగశాలలను గురించి ఒక ముక్క నిష్పక్షపాతంగా చెప్పుకోవాలి. అవి ప్రజల మేలుకోరి మాత్రమే పెట్టినవి కావు. శాంతిభద్రతలు, న్యాయస్థానాలు, పన్నులు, సైన్యపు మందుల కొనుగోళ్ళు, వీటి అవసరాలే ముందు. అయినప్పటికీ, అక్కడ త్రాసు ముందు కూర్చున్న ఉద్యోగి నేర్చుకున్న నిగ్రహం, పెట్టినవారి ఉద్దేశ్యం కంటె ఎక్కువ కాలం మనగలిగినది.

చిలుము పట్టిన దేవుళ్ళు

పురావస్తువులకు ప్రత్యేకంగా రసాయనవేత్త కావాలన్న ఆలోచన తర్వాత వచ్చినది. 1917లో మహమ్మద్ సనావుల్లా కలకత్తా ఇండియన్ మ్యూజియంలో పురావస్తు శాఖ రసాయనవేత్తగా నియమితులైనారు. కొద్ది సంవత్సరాలకు ఆ ప్రయోగశాల డెహ్రాడూన్‌కు మారినది. మొహెంజొదారో రాగి, కంచు వస్తువుల విశ్లేషణలో ఆయన కృషి ఉన్నది. దక్షిణాదిన మద్రాసు ప్రభుత్వ మ్యూజియం 1930లో సొంత రసాయనశాలను ఏర్పరచుకొన్నది. అప్పుడు మ్యూజియం సూపరింటెండెంటు గ్రేవ్లీ, రసాయనవేత్త ఎస్. పరమశివన్.

కారణం చిలుము. తంజావూరు, నాగపట్టణం ప్రాంతాలలో పొలాలు దున్నేటప్పుడు, పునాదులు తవ్వేటప్పుడు దొరికిన పంచలోహ విగ్రహాలు ఎన్నో ఆ మ్యూజియంలో ఉన్నవి. మన అమరావతి బుద్ధవిగ్రహాలూ ఉన్నవి. శతాబ్దాలు మట్టిలో ఉన్న కంచు మీద పచ్చని పొర సహజం. అది గట్టిగా, నున్నగా ఉంటే విగ్రహానికి కవచమే. కాని కొన్ని విగ్రహాల మీద అక్కడక్కడ లేతాకుపచ్చని పొడి పుట్టుకొస్తుంది. తుడిస్తే పోతుంది. వర్షాకాలం వచ్చేసరికి మరల అదేచోట లేస్తుంది. తుడిచిన ప్రతిసారీ క్రింద చిన్న గుంట మిగులుతుంది.

ఇది కంచుకు పట్టే తెగులు. దీని మూలం ఉప్పులోని క్లోరైడు. మట్టిలోని ఉప్పు రాగితో కలిసి క్యుప్రస్ క్లోరైడుగా లోహం దాపున పొంచి ఉంటుంది. విగ్రహం బయటికి వచ్చి తేమ గాలి తగలగానే అది ఆకుపచ్చని పొడిగా మారుతూ హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని విడుదల చేస్తుంది. ఆ ఆమ్లం క్రొత్త రాగిని తిని మరల క్యుప్రస్ క్లోరైడును తయారు చేస్తుంది. మరల తేమ, మరల పొడి. క్లోరైడు ఖర్చు కాదు, తిరుగుతూనే ఉంటుంది. చిటికెడు ఉప్పు నిలువెత్తు విగ్రహాన్ని మెల్లగా నమిలివేయగలదు. చెన్నపట్నం సముద్రానికి ఎంత దూరమో పాఠకులకు చెప్పనక్కరలేదు.

దీనికి మద్రాసు రసాయనశాల అవలంబించిన మార్గం విద్యుద్విశ్లేషణ. విగ్రహాన్ని పలుచని కాస్టిక్ సోడా ద్రావణంలో ఋణధ్రువంగా వ్రేలాడదీస్తారు. చుట్టూ ఇనుప రేకులు ధనధ్రువాలు. తక్కువ విద్యుత్తు పంపుతారు. క్లోరైడు ఋణధ్రువాన్ని విడిచి ద్రావణంలోకి వస్తుంది. పైపొరలు వదులై మెత్తపడతాయి. కొన్ని రోజులకు ద్రావణం మార్చి మరల మొదలుపెట్టాలి. మేము వర్క్‌షాపులో తుప్పు వదిలించడానికి చేసే పని ఇదే సూత్రం మీద నడుస్తుంది. తేడా ఒక్కటే: మా ఫ్లాంజి పాడైతే మరొకటి తెప్పించుకుంటాము, వెయ్యేళ్ళ నాటి నటరాజును మరొకటి తెప్పించుకోలేము. విద్యుత్తు కాస్త ఎక్కువైతే పైపొరతో పాటు శిల్పి దిద్దిన కనుబొమ్మ రాలిపోవచ్చును. లోపల లోహం పూర్తిగా చిలుమైపోయిన విగ్రహానికి ఈ చికిత్స చేయనే కూడదు, చేతికి పొడి మిగులుతుంది.

ఇక కడుగుడు. విగ్రహాన్ని స్వేదనజలంలో నానబెట్టి, నీరు మార్చి, మరల నానబెట్టి, ఇలా రోజులు, కొన్నిటికి వారాలు. ఎప్పుడు ఆపాలి? కంటికి తెలియదు. కడిగిన నీటిని పరీక్షనాళికలో తీసుకొని, నత్రికామ్లం కలిపి, ఒక చుక్క సిల్వర్ నైట్రేటు వేస్తారు. క్లోరైడు ఉంటే పాలు కలిపినట్లు తెల్లని మబ్బు కమ్ముతుంది. మబ్బు కమ్మితే మరల కడగాలి. నీరు నిర్మలంగా నిలిచిననాడు పని ముగిసినట్లు.

ఆ తెల్లని మబ్బును చూసినప్పుడల్లా మాకు మా సొంత కథ ఒకటి జ్ఞాపకం వస్తుంది. అది మాకు గౌరవప్రదమైనది కాదు.

మా సంతకం

1990ల మధ్య మేము ఒక ప్లాంటు నిర్మాణంలో ఉన్నాము. అప్పటికి ఉద్యోగంలో చేరి ఎక్కువ కాలం కాలేదు. స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టాలున్న ఒక హీట్ ఎక్స్‌ఛేంజరు వచ్చినది. బిగించి, నీటితో ఒత్తిడి పరీక్ష చేసి, ఇతర పనులు పూర్తికాకపోవడం వలన మూడు నెలలు అలాగే ఉంచారు. వేసవి గడిచినది. ప్రారంభించి వేడి ఎక్కించిన కొద్ది రోజులలోనే గొట్టాలు కారసాగాయి. విప్పి చూస్తే సన్నని, కొమ్మలు కొమ్మలుగా చీలిన పగుళ్ళు.

సరఫరాదారు చిన్న సంస్థ. నాసిరకం లోహం అంటగట్టాడని అందరూ నిశ్చయించుకున్నారు. బిల్లు ఆపారు. వాళ్ళకు వ్రాయవలసిన ఉత్తరం చిత్తుప్రతి తయారుచేసే బాధ్యత మాది. ప్రయోగశాల నుండి నివేదిక రావడమే తరువాయి.

ప్రయోగశాల పెద్దాయన రెండు వాక్యాలు వ్రాసి పంపారు. గొట్టాల లోహంలో క్రోమియం, నికెలు నిర్ణీత పరిమితులలో ఉన్నవి. గొట్టపు మూలలలోని తెల్లని పట్టులో క్లోరైడు ఉన్నది.

మేము ఆ కాగితం పట్టుకొని ఆయన గదికి వెళ్ళాము. "సార్, సరఫరాదారు లోపం అని ఒక్క ముక్క చేర్చండి, ఫైలు కదిలిపోతుంది" అన్నాము. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"నా సీసాలో సరఫరాదారు లేడు బాబూ, క్లోరైడు ఉంది. అది ఎక్కడినుంచి వచ్చిందో మీరు చూసుకోండి" అన్నారు.

మేము మరొకసారి గట్టిగా అడిగాము. పైవాళ్ళ పేరు చెప్పాము. ఆయన కోప్పడలేదు, కాగితమూ మార్చలేదు. బయటికి వచ్చి ఆయన మొండితనాన్ని గురించి కాంటీనులో నాలుగు మాటలు అనుకున్నాము కూడ.

క్లోరైడు ఎక్కడిదో వెదకక తప్పలేదు. పాత లాగ్ పుస్తకాలు తిరగవేస్తే ఒత్తిడి పరీక్ష నాటి పుట దొరికినది. ఆనాటికి డి.ఎమ్. ప్లాంటు సిద్ధం కాలేదు. పని ఆగకూడదని దగ్గరలోని బోరు నీరు పట్టి పరీక్ష కానిచ్చారు. సముద్రం చేరువలోని బోరు. పరీక్ష తర్వాత నీటిని పూర్తిగా తీసి ఆరబెట్టినట్లు నమోదు లేదు. మిగిలిన నీరు వేసవికి ఇగిరి, ఉప్పు మూలలలో చిక్కబడినది. తర్వాత వేడి, లోహంలో ఉన్న ఒత్తిడి, ఈ ఉప్పు మూడూ కలిశాయి. ఆ పుట క్రింద నీటిని ఆమోదించిన ఇంజనీరు సంతకం ఉన్నది. అది మా సంతకమే.

ఉత్తరం వెళ్ళలేదు. బిల్లు విడుదల అయినది, ఆలస్యంగా. ఆ ఆలస్యానికి ఆ చిన్న సంస్థ ఎంత వడ్డీ కట్టుకొన్నదో మేము అడగలేదు. ప్రయోగశాల పెద్దాయన దగ్గరకు వెళ్ళి జరిగినది చెప్పాము. "బోరు నీటిది ఒక సీసా పంపించండి, ఎంత ఉందో చూసి పెడతాను" అన్నారే గాని మరొక మాట అనలేదు.

గోడలు, రాళ్ళు, పెంకులు

మద్రాసు రసాయనశాల వద్దకు తిరిగి వద్దాము. పరమశివన్ గారి పని విగ్రహాలతో ఆగలేదు. కుడ్యచిత్రాల పద్ధతులను రసాయన దృష్టితో పరిశోధించినవారిలో ఆయన ప్రథమ గణ్యులు. తంజావూరు బృహదీశ్వరాలయంలో 1931లో చోళుల కాలపు చిత్రాలు బయటపడిన తర్వాత వాటి గచ్చును, రంగులను పరిశీలించారు. అజంతా, బాదామి, బాఘ్ గుహలనూ చూశారు. మనకు ముఖ్యమైనది, లేపాక్షి వీరభద్రాలయం, చిత్తూరు ప్రాంతపు సోమపాళెం ఆలయాల చిత్రాలను సైతం ఆయన పరిశోధించారు. సున్నం తడిగా ఉన్నప్పుడే రంగు వేశారా, లేక ఆరిన తర్వాత ఏదైనా బంకతో కలిపి వేశారా, గచ్చు ఎన్ని పొరలు, ఇసుక పాలు ఎంత, ఎరుపు జాజురాయిదా మరొకటా, ఈ ప్రశ్నలకు గోరంత పెచ్చులో జవాబు వెదకడం ఆ పని. లేపాక్షి చిత్రాలను చూసి మైమరచేవారు లక్షల మంది. వాటి క్రింది సున్నాన్ని తూచినవారు కొద్దిమంది.

అమరావతి శిల్పాల కథ వేరు. 19వ శతాబ్దం చివరిలో వాటిని మద్రాసు మ్యూజియం గోడలో పొదిగి బిగించారు. చూడడానికి బాగుండాలన్నది వారి కోరిక. గోడ తేమను పీల్చినది, తేమతో లవణాలు రాతిలోకి ఎక్కినవి. నీరు ఆరినప్పుడల్లా లవణాలు స్ఫటికాలై పాలనాపురాయి పైపొరను లోపలినుండి త్రోసివేసినవి. శిల్పాల ముఖాలు పొడిగా రాలడం మొదలైనది. 20వ శతాబ్దం చివర ఆ మ్యూజియం రసాయన విభాగం వారే వాటిని గోడ నుండి విడదీసే పనికి పూనుకున్నారు. ఇటువంటి రాళ్ళకు తడి కాగితపు గుజ్జు పట్టించి, అది ఆరేటప్పుడు లవణాన్ని పీల్చుకోనిచ్చి, గుజ్జు తీసి, మరల పట్టించడం వాడుకలో ఉన్న చికిత్స. గుజ్జును నానబెట్టిన నీటిలో ఇక్కడా అదే చుక్క, అదే తెల్లని మబ్బు. మన ఆంధ్రదేశపు శిల్పాలను గురించి వివాదాలు చాలా విన్నాము, అవి ఎవరివి, ఎక్కడ ఉండాలి అని. వాటిలోని ఉప్పును గురించి ఎవరూ వాదించగా వినలేదు.

అరికమేడు పెంకుల విషయంలోనూ రసాయనశాల చివరి మాట ఇంకా చెప్పుతూనే ఉన్నది. అక్కడ నల్లని, సన్నని పళ్ళేల పెంకులు విరివిగా దొరికినవి. అడుగున గుండ్రంగా, పంటిగాట్ల వంటి చిన్న చిన్న నొక్కుల వరుసలు ఉంటాయి. ఈ అలంకారం మధ్యధరా పద్ధతి కనుక ఈ పళ్ళేలూ అటునుండే వచ్చి ఉంటాయని వీలర్ తలచారు. అమరావతిలో, ధరణికోటలో, శాలిహుండంలో ఇవే పెంకులు దొరికితే, అక్కడా రోము సంబంధం ఉన్నదని మనవారు సంతోషించారు. బెగ్లీ దీనిని శంకించి, ఇవి ఈ దేశపు తయారీయే అన్నారు. 1990లలో పూనా డెక్కన్ కళాశాలకు చెందిన గోగ్టే ఎక్స్‌కిరణాలతో మట్టిని పరీక్షించి, ఆ మన్ను వంగదేశంలోని తామ్లుక్, చంద్రకేతుగఢ్ ప్రాంతపు మన్నుతో సరిపోతున్నదన్నారు. 2005లో వెలువడిన మరొక భూరసాయన పరిశోధన కూడ ఈ పెంకులన్నిటికీ మూలం ఒకటే అయి ఉండవచ్చునని సూచించినది. రోము అనుకున్నది గంగ ముఖద్వారం అయి కూర్చున్నది. వీలర్ వంటి దిట్ట పొరబడ్డాడని చెప్పడం మా ఉద్దేశ్యం కాదు. ఆనాడు ఆయన చేతిలో ఉన్నది కన్ను. మట్టి లోపలికి చూడగల పరికరం కాదు.

బావి నీరు

అరికమేడు నుండి మేము మరల వీరాంపట్టినం వచ్చేసరికి పొద్దు వాలినది. వలలు సర్దుకుంటున్న చోట ఇద్దరు పిల్లలు మా దగ్గరకు వచ్చి, గుప్పిట తెరచి మూడు చిన్న గాజుపూసలు చూపారు. ఒకటి ఎరుపు, రెండు నీలం. దుబ్రయ్ గారి కాలం నుండి నేటి వరకు వాన కురిసిన తర్వాత ఈ నేలలో పూసలు తేలుతూనే ఉన్నవి. మేము కొనలేదు. రక్షిత ప్రదేశపు వస్తువులు కొనకూడదని మా యానాం మిత్రులు పిల్లలకు తమిళంలో ఏదో చెప్పారు. వాళ్ళకు అది నచ్చినట్లు లేదు. గుప్పిట మూసి వెళ్ళిపోయారు.

ఒక ఇంటి ముందు త్రాగడానికి నీరు అడిగాము. ఆ ఇల్లాలు బిందెలోని నీరు ఇచ్చి, పెరటి బావి చూపి, ఆ నీళ్ళు కడుగుళ్ళకే గాని త్రాగడానికి కావని చేతితో సైగ చేసినది. మాకు ఒక బుద్ధి పుట్టినది. ఖాళీ సీసా కడిగి ఆ బావి నీరు పట్టించుకున్నాము.

తిరిగి వచ్చాక ఆ సీసాను మన ప్రయోగశాలకు తీసుకువెళ్ళాము. ఆ పాత పెద్దాయన లేరు. ఎప్పుడో పదవీ విరమణ చేశారు. ఆయన బల్ల దగ్గర ఇప్పుడు ఇరవై ఆరేళ్ళ అమ్మాయి ఉన్నది. మేము సరదాకి తెచ్చామని చెప్పినా ఆమె రిజిస్టరు తెరచి నంబరు వేసినది. సీసా మూతను, లేబులును అటూ ఇటూ తిప్పి చూసినది. ముందు స్వేదనజలంతో బ్లాంక్ నడిపినది. తర్వాత మా నీటిలో చుక్క వేసినది. మబ్బు కమ్మినది. ఆమె టైట్రేషను మొదలుపెట్టి, సాయంత్రానికి చీటీ పంపినది.

చీటీలో నమూనా వివరం అనే గడిలో "వీరాంపట్టినం బావి నీరు" అని వ్రాసి ఉంటుందనుకున్నాము. అలా లేదు. "సీసా ఒకటి, సీలు లేదు. తెచ్చినవారు చెప్పిన ప్రకారం, వీరాంపట్టినం బావి నీరు" అని ఉన్నది.